చెయ్యి తిరగలేదు

"ఇది కాయిలా, పిచ్చుక గూడా?"

మేస్త్రమ్మ చేతిలోని స్టేటర్‌ని బల్ల మీద ఠపీమని పెట్టింది. ఫ్యాను కడుపులో ఉండే ఇనుప చక్రం అది. దాని గాడుల్లో రాగి తీగ చుట్టి కూరితేనే ఫ్యాను తిరుగుతుంది. ఆ షెడ్డులో కూర్చున్న ఆడవాళ్ళందరి పనీ ఆ చుట్టడమే. పొద్దున పది దాటలేదు, పైన రేకులు అప్పుడే పెనంలా కాలుతున్నాయి. ఊరంతటికీ గాలి పంచే ఫ్యాన్లు తయారయ్యే చోట పనివాళ్ళ నెత్తిన ఉన్నవి రెండే ఫ్యాన్లు. అందులో ఒకటి తిరగదు.

"ఈ మూల చూడు. బట్టలారేసే తాడు కట్టినట్టు కట్టావు. ఎవరింట్లో తగలబడాలే ఈ ఫ్యాను?"

"ఎక్కడమ్మా వదులు?" అంటూ ముందుకు వంగింది తొందర.

ఆ పిల్ల అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా లేదు. చేరిన మొదటి రోజే తీగ ఎక్కించకుండా మెషిను తొక్కేసింది. అప్పట్నుంచీ ఆమె అందరికీ తొందరే.

"ఎదురు మాటలొకటి! విప్పి మళ్ళీ చుట్టు."

తొందర పెదవి బిగించి విప్పడం మొదలుపెట్టింది. నిజానికి ఆ కాయిల్లో వదులు ఎక్కడా లేదు. ఆ సంగతి మేస్త్రమ్మకి తెలుసు. తీగ మీద వేలు పోనిచ్చిన మరుక్షణమే తెలుసు. కానీ ఆ షెడ్డులో నేర్చుకునేవాళ్ళ పనిని మెచ్చుకోరు. మెచ్చుకుంటే చేతికి పొగరెక్కుతుందని, తిట్లు తిన్న చెయ్యే తిరుగుతుందని అక్కడి నమ్మకం. మేస్త్రమ్మకి పని నేర్పిన ముసలామె ఏళ్ళ తరబడి తిట్టి తిట్టి, పని మానేసి వెళ్ళే రోజున గుమ్మం దగ్గర ఆగి "పర్లేదులే" అంది. ఆ ఒక్క మాటకి మేస్త్రమ్మ ఇంటికెళ్ళి వెక్కి వెక్కి ఏడ్చింది. అప్పటికి ఆమెకి ఇద్దరు పిల్లలు.

కాబట్టి ఎవరైనా "ఆ కొత్త పిల్ల ఎలా చేస్తోంది?" అని అడిగితే "ఇంకా చెయ్యి తిరగలేదు" అనడమే అక్కడ మర్యాద. కూతురి వంటని పదిమందిలో పొగడని తల్లి మర్యాద లాంటిది అది. విన్నవాళ్ళకి దాని అసలు అర్థం తెలిసిపోతుందని మేస్త్రమ్మ అనుకునేది. ఎంత అమాయకత్వం! ఆ మాటని మేనేజరు ఉన్నదున్నట్టు పట్టుకుంటాడని ఆమెకి తట్టనే లేదు.

"మేస్త్రమ్మా, సారు పిలుస్తున్నారు," అని ఆఫీసు కుర్రాడు వచ్చి చెప్పాడు.

*

మేనేజరు గదిలో చల్లగా ఉంది. ఆ చలికి ఆమె ఒంటి మీది చెమట ఒక్కసారిగా గడ్డకట్టినట్టయింది.

"కూర్చోమ్మా," అన్నాడు మేనేజరు.

ఇన్నేళ్ళలో ఆ గదిలో ఆమెని కూర్చోమన్నవాళ్ళు లేరు. మేనేజరు కుర్చీ చూపించాడంటే ఎక్కడో ఎవరి కుర్చీకో ఎసరు పెట్టాడన్న మాటే. మేస్త్రమ్మ అంచు మీద కూర్చుంది.

"మీ అబ్బాయికి నడుము ఎలా ఉంది?"

"అలాగే ఉంది సార్. లేచి తిరుగుతున్నాడు కానీ బరువు ఎత్తొద్దన్నారు. బస్తాలు మోసేవాడు బరువెత్తకపోతే ఇంకేం చేస్తాడు?"

"పాపం. ఇల్లంతా నీ ఒక్క చేతి మీదే నడుస్తోంది. నాకు తెలియదనుకున్నావా? రెండేళ్ళ నుంచీ అడుగుతున్నావు కదా, మీ కోడలికి పని. సోమవారం నుంచి రమ్మను."

కొడుకు నడుము పడిపోయాక ఆ ఇంట్లో అద్దె కడితే మందులు ఆగుతున్నాయి, మందులు కొంటే మనవడి బడి జీతం ఆగుతోంది. కోడలు చదువుకున్నది, చురుకైనది, వేళ్ళు సన్నవి. ఈ పనికి పనికొచ్చే వేళ్ళని మేస్త్రమ్మ పెళ్ళిచూపుల్లోనే అనుకుంది. ఆ మాట ఎవరితోనూ అనలేదనుకోండి.

"మీ రుణం ఉంచుకోను సార్," అంది.

"అదేం మాట! నువ్వు మా ఇంటి మనిషివి. కాకపోతే ఉన్నది ఒక్కటే కుర్చీ. ఆ తొందరకి రేపటితో ఏడాది నిండుతుంది. ఏడాది నేర్చుకుని మేస్త్రి సరేనంటే పర్మినెంటు అని చేర్చుకునేటప్పుడు చెప్తాం కదా, దాన్ని పట్టుకుంది. మిగతావాళ్ళలా పోదట. పోయినవారం ఇక్కడికొచ్చి నా ముఖం మీదే అంది, 'నాకు పని రాదని మేస్త్రమ్మ నోటితో నా ముందు చెప్పించండి, వెళ్ళిపోతాను' అని. ఎంత నోరో చూడు! సాయంత్రం నేను వస్తాను. అందరి ముందూ ఆ ఒక్క మాటా అనెయ్యి."

"ఏ మాట సార్?"

"నువ్వు రోజూ అనేదేనమ్మా. చెయ్యి తిరగలేదని. కొత్తగా చెప్పమన్నానా? పొద్దున పిచ్చుక గూడన్నావు, ఇక్కడిదాకా వినిపించింది." మేనేజరు నవ్వాడు. "ముందు వాళ్ళకీ నువ్వే అన్నావు కదా."

"ముందు వాళ్ళకా?"

"ఆ పొడుగు పిల్ల, ఎడమచేతి పిల్ల, ఎప్పుడూ పాడుతూ ఉండేది ఇంకొకతి. ఏడాది నిండేటప్పుడు నిన్ను అడిగేవాణ్ణి, ఎలా ఉందీ అని. చెయ్యి తిరగలేదనేదానివి. అదే మాట వాళ్ళకి చెప్పి పంపేసేవాణ్ణి."

"వాళ్ళే మానేశారని అన్నారు కదా సార్ నాతో! వేరేచోట దొరికిందనీ, ఈకాలం పిల్లలకి కుదురు లేదనీ…"

"నీకు బాధెందుకని అలా చెప్పాను."

మేస్త్రమ్మకి బజారులో ఎడమచేతి పిల్ల కనిపించిన రోజు గుర్తొచ్చింది. ఆ పిల్లని చూడగానే మేస్త్రమ్మ ప్రాణం లేచొచ్చి "ఏమేవ్!" అని కేకేసింది. ఆ పిల్ల ముఖం తిప్పుకుని రోడ్డు దాటిపోయింది. నేర్పిన కృతజ్ఞత కూడా లేదని ఆ రోజంతా ఇంట్లో సణిగింది. ఎవరికి లేదు కృతజ్ఞత? ఏడాదంతా ఆ పిల్ల ఎడమచేత్తో, కుడిచేతివాళ్ళకి చేసిన మెషిను మీద, అందరికంటే నున్నగా చుట్టింది. ఆ చేతిని తను ఎంత ప్రేమగా తిట్టిందో! ఆ తిట్లని ఏరి, కట్టగట్టి, వాటితోనే ఆ పిల్లని గెంటించాడు వీడు. మన వేలితో మన కన్నే పొడిపించడమంటే ఇదే.

"మా కోడలికి జీతం ఎంత సార్?" అని అడిగింది.

"నేర్చుకునేవాళ్ళకి ఇచ్చేదే, సగం. ఏడాది చూద్దాం. చెయ్యి తిరిగాక పూర్తి జీతం."

అంతే. ఇంకేం అడగక్కర్లేదు. ఒకే కుర్చీ. దాని మీద ఏడాదికో పిల్ల సగం జీతానికి కూర్చుని పూర్తి పని చేస్తుంది. చేతికి పని వచ్చే వేళకి బయటికి పోతుంది, ఇంకో పిల్ల వస్తుంది. నేర్పేదీ మేస్త్రమ్మే, పంపేదీ మేస్త్రమ్మే. యజమాని చేతికి మట్టి అంటదు. వచ్చే ఏడాది ఇదే రోజుకి ఇదే మాట తన కోడలి మీద అనమంటారు. అననంటే పొద్దున తిట్టిన తిట్టు ఉండనే ఉంటుంది.

"ఆలోచించుకో," అన్నాడు మేనేజరు. "ఆలోచించడానికేముందిలే."

*

మధ్యాహ్నం డబ్బాలు విప్పుకునే వేళ ఫోను మోగింది. కోడలు.

"అత్తయ్యా, మేనేజరు గారు నిన్ననే ఫోను చేసి చెప్పారు. మీకు ఆయనే చెప్తానన్నారని ఊరుకున్నా. సోమవారం ఎన్నింటికి రావాలి? జుట్టు ముడేసుకోవాలా? మెషిన్లో పడుతుందంటారు కదా మీరు."

ఆ గొంతులో అంత వెలుగు విని ఎన్నాళ్ళయిందో. మేస్త్రమ్మ బయట గోడ నీడలోకి నడిచింది.

"అది కాదే. ఆ కుర్చీలో ఇప్పుడొక పిల్ల ఉంది. ఏడాదిగా నా దగ్గరే నేర్చుకుంది. ఆమెని తీసేసి నిన్ను పెడతారట."



"ఆ పిల్లెవరో నాకు తెలియదు అత్తయ్యా. నా పిల్లాడు నాకు తెలుసు. నిన్న వాణ్ణి బడి బయట నిలబెట్టారు."

"సగం జీతమే ఇస్తారట."

"అసలు లేనిదానికంటే సగం ఎక్కువే కదా?"

ఆ లెక్కలో తప్పేముంది? ఆకలితో ఉన్నదానికి ఎదుటి ఆకలిని చూపించి నువ్వు ఆగు అని చెప్పడానికి ఎంత మొహం ఉండాలి? మేస్త్రమ్మకి కోడలి మీద కోపం రాలేదు. ఒక రొట్టె ముక్కని ఇద్దరి మధ్య విసిరి వినోదం చూసే ఆ చల్లగదిలోని మనిషి మీద కోపం వచ్చింది. అంతకంటే ఎక్కువగా, ఇన్నేళ్ళూ ఆ ముక్కని తన చేత్తో విసరనిచ్చినందుకు తన మీద వచ్చింది.

తిరిగొచ్చేసరికి తొందర బల్ల మీదే తల వాల్చి పడుకుని ఉంది. మేస్త్రమ్మ వచ్చిన అలికిడికి లేచి కూర్చుంది.

"ఏమే, నీకంటే ముందు వాళ్ళు ఎందుకు పోయారో నీకు తెలుసా?"

తొందర ఆమె వైపు వింతగా చూసింది. "మీకు తెలీదా? మీరే వద్దన్నారని బయట అందరూ అంటారు. మీ దగ్గర నెగ్గుకొచ్చిన పిల్ల లేదంటారు."

"తెలిసి మరి నువ్వెందుకు చేరావే?"

"పని మాత్రం మీరే బాగా నేర్పుతారని కూడా అంటారు. మీ చేత బాగుందనిపించుకుంటే చాలనుకున్నా. నాకు చిన్నప్పట్నుంచీ పంతమమ్మా. ఇంట్లో మా అమ్మ మీలాగే తిట్టేది, కానీ అన్నం పెట్టాక." ఆ పిల్ల నవ్వింది కానీ నవ్వు నిలబడలేదు. "సాయంత్రం సారు అందరి ముందూ మిమ్మల్ని అడుగుతానన్నారు, నిజమే చెప్పండి. నాకు రాకపోతే రాదనే చెప్పండి. పోతా. కానీ వచ్చి ఉంటే మాత్రం…"

మాట పూర్తి చేయకుండా మెషిను వైపు తిరిగిపోయింది. మేస్త్రమ్మ విప్పిన డబ్బా మళ్ళీ మూసేసింది.

*

సాయంత్రం మేనేజరు వచ్చాడు. మెషిన్లు ఆపమన్నాడు. షెడ్డులో అందరూ తలలెత్తారు. బల్ల చివర కూర్చునే కళ్ళద్దాలామె కూడా ఎత్తింది. ఆమెకీ మేస్త్రమ్మకీ ఉప్పూనిప్పూ. మేస్త్రి పదవి తనకి రావాల్సిందని ఆమె మనసులో ఇప్పటికీ ఉంది. వినోదం ఏదో జరగబోతోందని అద్దాలు తుడుచుకుని మరీ పెట్టుకుంది.

మేనేజరు తొందర చుట్టిన స్టేటర్‌ని రెండు వేళ్ళతో ఎత్తి మేస్త్రమ్మ ముందు పెట్టాడు.

"మేస్త్రమ్మా, ఈ పిల్ల నీ నోటితో వినాలంటోంది. చెప్పు."

మేస్త్రమ్మ స్టేటర్ అందుకుంది. ఎన్ని వందలు చూసి ఉంటుంది! అయినా మళ్ళీ చూసింది. గాడిలో కాగితం ఎక్కడా చిరగలేదు. తీగ మీది పూత ఎక్కడా గీరుకోలేదు. చుట్టు మీద చుట్టు, దువ్విన జడలా కుదురుగా కూర్చుంది. చెప్పాలంటే చిన్న మాటే. కానీ ఆ నోటికి అలవాటు లేని మాట.

"బాగుంది," అంది.

మేనేజరు ముందుకు వంగాడు.

"ఏమన్నావ్?"

"బాగుందన్నాను. చాలా బాగుంది. దీని వయసులో నేను ఇంత బాగా చుట్టలేదు. ఈ పిల్లకి చెయ్యి తిరిగి నాలుగైదు నెలలైంది."

తొందర రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వాటినే చూస్తూ ఉండిపోయింది. అవి తనవో కావో అన్నట్టు చూసింది.

మేనేజరు ముఖంలో నవ్వు పోలేదు, బిగుసుకుంది. "పొద్దున పిచ్చుక గూడన్నావు."

"అబద్ధం చెప్పాను."

"పదిమందిలో అన్న మాట…"

"పదిమందికీ తెలుసు అది అబద్ధమని. ఇది మా తిట్టు సార్, మా ఇంటి తిట్టు. చెయ్యి కుదరాలని తిట్టుకుంటాం. దాన్ని పట్టుకెళ్ళి ఆడపిల్లల పొట్ట కొట్టే కత్తి చేసుకుంటారని మాకు తెలీదు. ఆ పొడుగు పిల్లకీ చెయ్యి తిరిగింది. ఎడమచేతి పిల్లకి నాకంటే బాగా తిరిగింది. పాటలు పాడే పిల్లకీ తిరిగింది. ముగ్గురికీ ద్రోహం చేశాను. నా చేత చేయించారు. ఇది నాలుగోది. చెయ్యను."

"సరే," అన్నాడు మేనేజరు. చల్లగా అన్నాడు, ఆ గదిలోని చలిని వెంట తెచ్చుకున్నట్టు. "నీ అభిప్రాయం చెప్పావు. తీసుకోవాలా వద్దా అన్నది యాజమాన్యం ఇష్టం. ఏమ్మాయ్, రేపటి నుంచి రానక్కర్లేదు."

మేస్త్రమ్మ లేచి నిలబడింది.

"కాదంటే నా మాట, అవునంటే యాజమాన్యం మాటా? గెంటడానికి నా నోరు కావాలి, నిలబెట్టడానికి అక్కర్లేదా?"

"గొంతు తగ్గించు. సోమవారం మీ కోడలు వస్తోంది. తనకి పని నేర్పే సంగతి చూసుకో."

"నేర్పను."

ఆ మాట ఆమె గట్టిగా ఏం అనలేదు. అయినా మెషిన్లు ఆగి ఉండడం వల్ల షెడ్డు చివరిదాకా వెళ్ళింది.

"ముందు పనివ్వండి. పూర్తి జీతానికి తీసుకోండి. తర్వాత నేర్పుతాను, తిట్టి మరీ నేర్పుతాను. అంతేగానీ తరిమెయ్యడానికి పిల్లల్ని తయారు చేసి ఇవ్వడం ఇకమీద నా వల్ల కాదు. మా కోడలికైనా సరే."

"మీ ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుందో ఆలోచించుకున్నావా?"

"లేదు."

మేనేజరు ఆమెని వదిలేసి బల్ల చివరికి నడిచాడు. "నువ్వు నేర్పుతావామ్మా?" అన్నాడు కళ్ళద్దాలామెతో. "మేస్త్రి పదవి నీకే."

కళ్ళద్దాలామె మేస్త్రమ్మ వైపు చూసింది. ఏళ్ళుగా నోరూరించిన పదవి, అడక్కుండా వచ్చి ఒళ్ళో పడింది. ఆమె అద్దాలు తీసి చీర చెంగుతో తుడిచింది. చాలాసేపు తుడిచింది.

"నాకింకా చెయ్యి తిరగలేదు సార్," అంది చివరికి.

ఎవరో కిసుక్కుమన్నారు. మేనేజరు ఆమె పక్కన ఉన్నదాన్ని అడిగాడు. ఆమె తలొంచుకుని తీగ ముక్కలు ఏరుకుంటూ ఉండిపోయింది. ఆ పక్కదాన్ని అడగలేదు. యజమానిని పిలుస్తానని, గేటుకి తాళం వేయిస్తానని అరుచుకుంటూ వెళ్ళిపోయాడు. అది ఉత్త బెదిరింపు కాదని అక్కడ అందరికీ తెలుసు. నవ్విన మనిషి కూడా నవ్వడం ఆపేసింది.

తొందర లేవాలా కూర్చోవాలా తెలియక కుర్చీ అంచు పట్టుకుని ఉంది. "నువ్వు కదలకు," అంది మేస్త్రమ్మ ఆ పిల్లతో. తర్వాత సంచీలోంచి ఫోను తీసి ఇంటికి చేసింది. పక్కకి వెళ్ళలేదు, అక్కడే నిలబడి మాట్లాడింది. జరిగిందంతా చెప్పింది. నేర్పనన్న సంగతి, ఆ కుర్చీ ఇక దొరకదన్న సంగతి, తన కుర్చీ కూడా సోమవారానికి ఉంటుందో లేదో తెలియదన్న సంగతి.

అవతల కోడలు అంతా విన్నది. చివరికి అంది, "నా పని గురించి, నన్ను ఒక్క మాట అడక్కుండా అనేశారా అత్తయ్యా?"



"అడగలేదే. తప్పే. ఇప్పుడు అడుగుతున్నా. సోమవారం ఈ పిల్లా, నేనూ గేటు దగ్గర నిలబడతాం. నీకూ, ఈ పిల్లకీ పూర్తి జీతం పని ఇమ్మని అడుగుతాం. ఆ ముగ్గురి ఇళ్ళకీ వెళ్ళి కాళ్ళు పట్టుకునైనా తీసుకొస్తా. నువ్వూ వస్తావా?"

అవతల నుంచి మనవడి మాటలు వినబడుతున్నాయి, దేనికో మారాం చేస్తున్నాడు. కోడలు పలకలేదు. పెట్టెయ్యనూ లేదు. షెడ్డులో అందరూ తననే చూస్తుంటే మేస్త్రమ్మ ఫోను చెవికి అదిమిపెట్టుకుని అలాగే నిలబడింది.